ఏ వేళకొచ్చినా... అన్నం ఉంది!

అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోలేదు. ఎవరు నువ్వు, ఏ కులం నీది అని అడగలేదు. మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి కోడలిగా వెళ్లి, ఆకలితో వచ్చిన ప్రతి మనిషికీ ఆకు వేసి వడ్డించిన డొక్కా సీతమ్మ పేరు ఇప్పుడు బడిపిల్లల భోజనానికి ఉంది. గోదావరి పాయ మీద అక్విడక్టుకీ ఉంది. ఆవిడ కన్నుమూసి వందేళ్లు దాటిపోయింది. ఆకలి మాత్రం ఇప్పటికీ వేళ చూసుకుని రావడం లేదు!

ఒక్కసారి నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్దాం. మీరు రాజమండ్రి నుంచి అంతర్వేది తీర్థానికి బయల్దేరారు. బస్సు లేదు, రైలు లేదు. చేతిలో చద్దిమూట, చంకలో పిల్లాడు. ధవళేశ్వరం దాటాక గోదావరి ఒక్కటిగా ఉండదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ... పాయలు పాయలుగా విడిపోతుంది. పాయ పాయకీ ఓ రేవు, రేవు రేవుకీ ఓ పడవ. పడవ అవతలి ఒడ్డున ఉంటే ఇవతల కూర్చోవాల్సిందే. గాలివాన పట్టుకుంటే ఆ పూటకి ప్రయాణం ఆగిపోయినట్టే. చద్దిమూట మొదటి రేవు దగ్గరే ఖాళీ అవుతుంది. చివరి రేవు చేరేసరికి చీకటి పడుతుంది. పిల్లాడు ఏడుస్తుంటాడు. ఎవరింటి తలుపు తడతారు?

అప్పట్లో ఊళ్లో పూటకూళ్లమ్మ ఉంటే అదృష్టం. ఉన్నా, ఆవిడకి డబ్బివ్వాలి. పైగా పొద్దుపోయాక పొయ్యి వెలిగించమంటే కుదరదు. సత్రం ఉంటే దానికి నియమాలుంటాయి, కొందరికే ప్రవేశం ఉంటుంది. కోనసీమలో ఆ దారిన నడిచేవాళ్లకి మాత్రం ఓ ధైర్యం ఉండేది. గన్నవరం దాకా ఓపిక పడితే చాలు, సీతమ్మగారున్నారు!

వైనతేయ పాయకు చేరువలో ఉన్న లంకల గన్నవరం బాటసారులకు మజిలీ. తీర్థానికి పోయేవాళ్లు, పెళ్లిబృందాలు, కూలి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు... అందరూ అలసిపోయి ఆకలేసే సరికి చేరుకునే చోటు అది. ఆ ఊళ్లో ఓ పెద్ద ఇంటి వంటగదిలో పొయ్యి చల్లారేది కాదు.

బువ్వన్నగారి అమ్మాయి

సీతమ్మ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. భవానీశంకరం గారిని ఊళ్లో అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువట. అందరికీ ఆయన ‘బువ్వన్న’. అడిగినవాళ్లకల్లా బువ్వ పెట్టేవారు కాబట్టి బువ్వన్న! మనిషికి సరైన పేరు పెట్టడంలో గోదావరి జిల్లాల వాళ్లని మించినవాళ్లు లేరు.

ఇవాళ మండపేట అనగానే రైస్ మిల్లులు గుర్తొస్తాయి. చుట్టుపక్కల పండే ధాన్యం మర పట్టించుకుని బియ్యమై లారీలెక్కి వెళ్లే ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. సీతమ్మ పుట్టేనాటికి ఆ మిల్లులు లేవు సరికదా, గోదావరి మీద ఆనకట్టే లేదు. వాన పడితే పంట, లేకపోతే పస్తు. వరద వస్తే ఉన్నదీ పోయేది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టేసింది. దాని కథలు అప్పటి పెద్దవాళ్ల నోళ్లలో ఇంకా ఆరకుండానే ఉండి ఉంటాయి. అలాంటి కాలంలో ఓ మామూలు సంసారి అడిగినవాళ్లకల్లా బువ్వ పెట్టాడంటే, తన కంచంలోది తీసి పెట్టడమే.

తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి పని సీతమ్మ మీద పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న ఆ ఇంటికి రావడం గురించి కోనసీమలో ఓ ముచ్చట చెప్పుకుంటారు. జోగన్న మోతుబరి రైతు, వేదం చదువుకున్న మనిషి. పండితులతో కలిసి ఎక్కడికో వెళ్లి వస్తూ మండపేట చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆ వేళలో భోజనం పెట్టగలిగేది బువ్వన్నగారొక్కరే అని తోచి అక్కడికి వెళ్లారు. అనుకోకుండా వచ్చిపడిన అంతమందికి ఆ ఇంటి ఆడపిల్ల హడావుడి పడకుండా, మొహం చిట్లించకుండా వండి వడ్డించింది. ఊరు చేరినా జోగన్న ఆ పిల్లని మర్చిపోలేకపోయారు. పెద్దల ద్వారా అడిగించి పెళ్లి చేసుకున్నారు. అంటే సీతమ్మగారి సంసారం మొదలైందే వేళ తప్పిన ఓ భోజనంతో!

రోకళ్లు, తిరగళ్లు, కట్టెల పొగ

సీతమ్మకి పదకొండేళ్లు వచ్చేసరికి, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువల వెంట నీళ్లు డెల్టా పొలాలకి పరుగెత్తాయి. వైనతేయ పాయ అడ్డంగా ఉంటే, గన్నవరం దగ్గర పాయ మీదుగా అక్విడక్టు కట్టి అవతలి నగరం లంకకి నీళ్లు పారించారు. నదిని నది మీద నుంచి దాటించారన్నమాట! మెరకలన్నీ మాగాణులయ్యాయి. గాదెలు నిండాయి.

గాదెలు నిండినంత మాత్రాన అందరి కడుపులూ నిండుతాయా? 1876లో ధాత కరువు వచ్చింది. రాయలసీమలో ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యాయి. మద్రాసు రాజధాని మొత్తం మీద లక్షలాది మంది చనిపోయారు. డెల్టాకి కాలువ నీళ్లుండటంతో ఆ దెబ్బ తప్పింది. అయినా కాలువ గట్టున పని చేసే కూలికి పొలం లేదు. పనిలేని నెలల్లో కూలి లేదు. గాదె పక్కింట్లోనే ఉంటుంది, కడుపు ఖాళీగానే ఉంటుంది. ఆ రెంటికీ నడుమ ఓ తలుపు తెరిచి ఉంచడమే సీతమ్మ, జోగన్న చేసిన పని.

చెప్పడం తేలికే. ఆ వంటిల్లు ఎలా నడిచేదో ఊహించండి. బియ్యం బస్తా కొట్లో దొరికే రోజులు కావవి. వడ్లు ఎండబెట్టాలి, రోట్లో పోసి దంచాలి, చెరగాలి. కందులు తిరగట్లో విసరాలి. కట్టెలు కొట్టి ఎండబెట్టి పేర్చాలి, వానాకాలానికి ముందే దాచుకోవాలి. నూతిలోంచి నీళ్లు చేది గంగాళాలు నింపాలి. మజ్జిగ చిలకాలి. అరిటాకులు కోసి తేవాలి, తిన్నాక ఎత్తాలి, నేల అలకాలి. అంతా అయి నడుం వాల్చే సరికి వీధరుగు దగ్గర మరో గుంపు! ఏమండీ... అన్న పిలుపు! మళ్లీ ఎసరు పెట్టాలి.

మన అన్నదాన కథల్లో దాత పేరు, ఇచ్చిన భూమి, పెట్టిన సొమ్ము మాత్రమే ఉంటాయి. రోకలి పట్టిన చేతులు కనపడవు. సీతమ్మ కథలో విశేషం, దాతా వంటమనిషీ ఒక్కరే కావడం. డబ్బిచ్చి వండించలేదు. తానే వండి, తానే వడ్డించి, తినేవాళ్ల ఎదురుగా నిలబడి మారు అడిగేవారు. ఆకలితో ఉన్నవాడు ఒకసారి చాలంటాడు. మొహమాటం అది. రెండోసారి అడిగితేనే నిజం చెబుతాడు. వడ్డన తెలిసిన చేతికే ఆ తేడా తెలుస్తుంది.

ఏళ్ల తరబడి ఇలా పెట్టేసరికి ఆస్తి కరగడం మొదలైంది. అప్పులూ అయ్యాయంటారు. జోగన్న పొలంలో తవ్వుతుంటే పలుగుకి బిందె తగిలిందనీ, అందులో బంగారు నాణేలున్నాయనీ, వాటితో అన్నదానం ఆగకుండా సాగిందనీ ఓ కథ. నమ్మినా నమ్మకపోయినా, ఆ కథ పుట్టిందంటేనే ఖర్చు ఏ స్థాయికి చేరిందో అర్థమవుతుంది. ఓ రైతు కుటుంబం పంట మీద వచ్చిన రాబడితో అంతమందికి ఎలా పెడుతోందో ఊరివాళ్లకి లెక్క తేలలేదు. లెక్క తేలని చోట నిధి దొరుకుతుంది!

పల్లకి వెనక్కి తిరిగింది

సీతమ్మగారికి ఒకే ఒక్క కోరిక ఉండేదట, అంతర్వేది నరసింహస్వామిని చూడాలని. ఇంట్లో రోజూ వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. కదలడానికి వీల్లేదు. ఎన్నో ఏళ్లకి ఎలాగో తీరిక చేసుకుని పల్లకిలో బయల్దేరారు. దారిలో బోయీలు పల్లకి దించి సేదదీరుతున్నారు. అటుగా ఓ పెళ్లిబృందం వస్తోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కాస్త ఓర్చుకోండి, గన్నవరం వచ్చేసింది, సీతమ్మగారింట్లో అన్నం తిందాం అని పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు. పల్లకిలో ఉన్నావిడ ఆ మాట విన్నారు. బోయీల్ని పిలిచి పల్లకి వెనక్కి తిప్పమన్నారు. వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

కోనసీమలో ఈ కథ తెలియని ఇల్లు లేదు. సాధారణంగా భక్తి కథగా చెబుతారు, స్వామి దర్శనం కంటే అన్నదానమే గొప్పదని. అది నిజమే కానీ, ఇందులో మరో సంగతి ఉంది. ఆ పిల్లలు అప్పటికి ఆవిడ ఇంటికి రాలేదు, అడగలేదు. వాళ్లు తన మీద పెట్టుకున్న నమ్మకాన్ని మాత్రమే ఆవిడ విన్నారు. తలుపు మూసి ఉంటే ఆ పెళ్లివారికి పోయేది ఓ పూట భోజనం ఒక్కటే కాదు. రేపు ఆ దారిన వచ్చే ఇంకెవరూ ధైర్యంగా ఆ అరుగెక్కరు. అన్నం ఉందన్న నమ్మకం ఒక్కరోజు తప్పినా చెడిపోతుంది.

చక్రవర్తి పిలిచినా...

ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకి సీతమ్మగారిని ఆహ్వానించారనీ, ఆవిడ రాననడంతో ఫొటో తీసి పట్టుకెళ్లి కుర్చీలో ఉంచి గౌరవించారనీ చెబుతారు. మనం బడిలో చదువుకున్నదీ ఇదే. కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, చక్రవర్తే ఆ ఫొటోకి నమస్కరించారంటారు. ఇక్కడ ఓ చిన్న చిక్కుంది. ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1902 ఆగస్టులో లండన్‌లో జరిగింది. దాన్ని పురస్కరించుకుని 1903 జనవరి 1న వైస్రాయ్ కర్జన్ ఢిల్లీలో దర్బారు జరిపించాడు. దానికి చక్రవర్తి రాలేదు, తమ్ముడు డ్యూక్ ఆఫ్ కన్నాట్‌ని పంపాడు. కాబట్టి ఢిల్లీలో చక్రవర్తి దండం పెట్టే అవకాశం లేదు.

పోనీయండి. కథలో చక్రవర్తి ఏం చేశాడన్నది అంత ముఖ్యం కాదు, సీతమ్మగారు ఏం చేశారన్నదే ముఖ్యం. పేరు కోసం చేసే పని కాదంటూ ఆవిడ గన్నవరం కదల్లేదు. ఫొటో తీయించుకోవడానికీ ఒప్పుకోలేదట. బతిమాలి, అధికారులకి మాట వస్తుందని చెప్పి ఒప్పించాల్సి వచ్చిందంటారు. నలుగురికి పులిహోర పొట్లాలిచ్చి నలభై ఫొటోలు దిగే కాలంలో ఉన్నాం మనం. ఆ ఫొటో గోల చదివితే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది.

సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాటన్ కాలం నాటి అక్విడక్టు పాతబడ్డాక పక్కనే కొత్తది కట్టి దానికి ఆవిడ పేరు పెట్టారు. అవతలి లంక పంటలకి నీళ్లు మోసే వంతెనకి, అన్నం పెట్టిన మనిషి పేరు. కొన్ని పేర్లు కుదురుతాయంతే.

బడి గంట, క్యాంటీన్ గంట

ఆవిడ పేరు 2024లో మరో చోటికీ వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’ అని పేరు పెట్టారు. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ దీన్ని విస్తరించారు. పొద్దున్నే ఏమీ తినకుండా పొలం గట్ల మీద నడిచి కాలేజీకొచ్చే ఇంటర్ పిల్లలకి ఇదెంత ఆసరానో అమ్మానాన్నలకి వేరే చెప్పక్కర్లేదు.

పట్నాల్లో అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2018లో మొదలయ్యాయి, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టులో గుడివాడ నుంచి మళ్లీ మొదలయ్యాయి. పూటకి 5 రూపాయలు. ఆటో నడిపేవాళ్లు, ఆస్పత్రికొచ్చిన రోగుల బంధువులు, అడ్డాకూలీలు వరసలో నిలబడతారు. హైదరాబాద్‌లో 2014 నుంచే ఐదు రూపాయల భోజనం ఉంది. చెన్నైలో అమ్మ ఉణవగాలు 2013లో వచ్చాయి. ప్రభుత్వాలు ఈ పని చేయడం మంచిదే. లక్షలమందికి పెట్టడం ఓ సీతమ్మగారి వల్ల అయ్యే పని కాదు.

కాకపోతే వీటన్నిటికీ గంటలున్నాయి. బడికి ఆదివారం సెలవు, సంక్రాంతికి సెలవు, వేసవిలో నెలన్నర సెలవు. ఆకలికి సెలవుల్లేవు. క్యాంటీన్ పట్టణంలో ఉంటుంది, లంక గ్రామంలో ఉండదు. మధ్యలో మూతపడ్డ ఐదేళ్లలో ఆ వరసలో నిలబడ్డవాళ్లు ఎక్కడ తిన్నారో వాళ్లకే తెలియాలి.

రేషన్ సంగతి చూద్దాం. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. దాని ప్రకారం మామూలు కార్డు మీద మనిషికి నెలకి 5 కిలోల తిండిగింజలు ఇస్తారు. అంటే రోజుకి నూట అరవై గ్రాముల చిల్లర. ఐదో తరగతిలోపు పిల్లాడికి బడిలో ఒక్క పూటకే 100 గ్రాముల బియ్యం, ఆ పై తరగతుల పిల్లలకి 150 గ్రాములు లెక్కగడతారు. మరి బరువులెత్తే మనిషికి రెండు పూటలకి నూట అరవై సరిపోతాయా? నెల మొదట్లో పొయ్యి బాగానే వెలుగుతుంది. ఇరవయ్యో తారీఖు దాటాక బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే గీసిన చప్పుడే! అప్పు పుట్టని ఇంట్లో, ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఇంట్లో ఆకలి ఆ రోజుల్లోనే వస్తుంది. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ మనం చేసే అన్నదానాలు ఆ రోజుల్ని చూసుకుని చేయడం లేదు కదా!

స్వయంపాకం మనకి తెలియనిదా?

వండిన అన్నం పెట్టడం ఒక దారి. వండుకోవడానికి సరుకులివ్వడం ఇంకో దారి. అమెరికాలో ఫుడ్ పాంట్రీలంటే ఇవే. చర్చి పక్క గదిలోనో, బడి వెనక షెడ్డులోనో డబ్బాలు, పప్పులు, పాలు, కూరగాయలు పేర్చి ఉంచుతారు. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబం వచ్చి సంచి నింపుకుని వెళ్తుంది. సర్దేవాళ్లు, పంచేవాళ్లు ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లే. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా శని, ఆదివారాల్లో వెళ్లి సంచులు కడుతుంటారు. దీనికి మూలం 1967లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ పెట్టిన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్. దుకాణాలు పారేసిన సరుకుల్లోంచి మంచివి ఏరుకుని పిల్లల్ని పోషిస్తున్న ఓ తల్లి ఆయనకి కనిపించింది. డబ్బులు దాచుకునే బ్యాంకులా తిండి దాచే బ్యాంకు ఉంటే బాగుండునన్న ఆలోచన ఆమెదేనట!

మనకిది కొత్త కాదు. స్వయంపాకం అని బియ్యం, పప్పు, కూరగాయలు, నెయ్యి విస్తట్లో పెట్టి ఇస్తారు చూడండి, అదీ ఇలాంటిదే. కాకపోతే దాన్ని పుణ్యతిథులకీ, కొందరికీ పరిమితం చేశాం.

స్వయంపాకంలో ఓ మర్యాద ఉంది. తీసుకున్న మనిషి తన ఇంట్లో, తన పొయ్యి మీద, తన పిల్లలకి తాను వండి పెట్టుకుంటుంది. వీధిలో వరసలో నిలబడి పళ్లెం చాపక్కర్లేదు. నిన్నటిదాకా నలుగురికి పెట్టి ఇవాళ చితికిపోయిన కుటుంబాలకి ఈ తేడా చాలా పెద్దది. కష్టం వచ్చిన కొత్తల్లో మనిషి ఆకలికైనా ఓర్చుకుంటాడు కానీ, చెయ్యి చాపడానికి ఓర్చుకోలేడు.

2020 లాక్‌డౌన్‌లో ఇదంతా కళ్లముందు కనిపించింది. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకుని వలస కూలీలు నడిచారు. రహదారి పక్క ఊళ్లలో కుర్రాళ్లు, గృహిణులు పొట్లాలు కట్టి, మజ్జిగ కలిపి ఎదురెళ్లారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఎల్బీనగర్‌లో రాము దోసపాటి ‘రైస్ ఏటీఎం’ మొదలుపెట్టారు. ఆయన ఓ కంపెనీలో హెచ్‌ఆర్ ఉద్యోగి. నెలకి 6 వేలు సంపాదించే ఓ వాచ్‌వుమన్ తన జీతంలోంచి 2 వేలు పెట్టి చికెన్ కొని వలస కూలీలకి వండిపెట్టడం చూశాననీ, అక్కడే మనసు మారిందనీ ఆయన చెప్పారు. సొంతిల్లు కొనడానికి దాచుకున్న డబ్బు తీసి సరుకులు కొన్నారు. బియ్యంతో పాటు పప్పు, నూనె, కొన్ని రోజులకి సరిపడా ఇచ్చేవారు. ఏటీఎం అని ఎందుకన్నారంటే, ఏ వేళకి వచ్చినా ఇస్తారు కాబట్టి! లంకల గన్నవరం ఇంటికీ, ఎల్బీనగర్ గదికీ చుట్టరికం ఇక్కడుంది.

జొన్నల గాదె

ఇంకో దారి జహీరాబాద్ వైపు ఉంది. అది గోదావరి డెల్టా కాదు, వాన మీద బతికే మెట్ట నేల. 1990ల నడుమ పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఊరూరా తమ సొంత గాదెలు పెట్టుకున్నారు. బీడుపడ్డ చెలకలు సాగు చేసుకోవడానికి చిన్న రైతులకి అప్పిచ్చారు. ఆ అప్పుని డబ్బుగా కాకుండా కొన్నేళ్లపాటు జొన్నలుగా తీర్చమన్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, గింజలు నిండుకునే కాలంలో పేద ఇళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు.

ఎవరికివ్వాలో ఎలా తేల్చారు? పైనుంచి జాబితా రాలేదు. ఊరి నడుమ నేల మీద ఊరి బొమ్మ గీసి, ఏ ఇల్లు ఎంత ఇబ్బందిలో ఉందో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఏ ఇంట్లో ఏ నెలలో గింజలుండవో పక్కింటావిడకి తెలిసినట్టు ఆఫీసులో కంప్యూటర్‌కి తెలుస్తుందా! బియ్యం తప్ప రేషన్ దొరకని చోట, తమ నేల మీద పండిన జొన్న తమకే దక్కేలా చేసుకున్న ఆ ఆడవాళ్లలో చాలామందికి చదువు రాదు.

మన ఊళ్లో మొదలుపెట్టాలంటే?

డబ్బు దొరకడం అంత కష్టం కాదు. మనవాళ్లు ఇస్తారు. దొరకనివి చేతులు, వేళలు. ఏకాదశికి ముప్ఫై మంది వస్తారు, వానపడే మంగళవారం సాయంత్రం తాళంచెవి పట్టుకుని ఎవరుంటారన్నదే అసలు ప్రశ్న. వారానికి ఏడు రోజులు, ఏడు ఇళ్లు పంచుకుంటే సరిపోతుంది. వెనకటికి పేద విద్యార్థి రోజుకో ఇంట్లో తిని వారాలు చేసుకుని చదువుకోలేదూ? ఇప్పుడు వారాలు వంతులేసుకోవాల్సింది పెట్టేవాళ్లు.

బియ్యం లెక్క తెలుసుకోండి. చిన్నపిల్లలైతే కిలో పదిమందికి సరిపోతుంది. కూలిపని చేసే పెద్దవాళ్లయితే ఆరేడుగురికే. సరుకులు పంచేటట్టయితే బియ్యం ఒక్కటే కాకుండా పప్పు, నూనె, ఉప్పు, చింతపండు పెట్టండి. బియ్యం ఎలాగో సంపాదించుకోగలరు, పప్పూ నూనే కొనలేకపోతారు.

పెళ్లిళ్లలో మిగిలింది తెచ్చి పంచడం మంచిపనే. కానీ జాగ్రత్త. వండిన పదార్థం మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన వేసవిలో, అందులో కోనసీమ ఉక్కలో పప్పు ఇంకా త్వరగా పాడవుతుంది. మిగులు ఆహారం సేకరించి పంచడానికి 2019లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనలు కూడా తెచ్చింది. రాత్రి పదకొండింటికి పందిట్లో మిగిలిన పెరుగన్నం తెల్లారి మనం తింటామా? తినమనుకున్నది ఎవరికీ పెట్టకండి.

ఇంకో సంగతి. తీసుకునేవాళ్ల ఫొటో తీయొద్దు. ఆ మాట సీతమ్మగారు ఎప్పుడో చెప్పేశారు!

---

ఆరని పొయ్యి

వేళ చూడకుండా అన్నం పెట్టే చోట్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. నల్లమల అడవిలో జ్యోతి క్షేత్రంతో మొదలుపెట్టి అవధూత కాశినాయన పేరుతో నడుస్తున్న ఆశ్రమాల్లో రాత్రీ పగలూ అని లేకుండా వచ్చినవాళ్లకి అన్నం పెట్టడం ఆనవాయితీ. కాశినాయన 1995లో సమాధి అయ్యారు. రైతులు తెచ్చిచ్చే ధాన్యం, కూరగాయలతోనే ఆ వంటశాలలు నడుస్తున్నాయి.

తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న రోజుకి 2 వేలమందితో మొదలైంది. 2011లో కట్టిన పెద్ద భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. బడిలో సీతమ్మ, కొండ మీద వెంగమాంబ... మన పెద్ద వంటశాలలు రెంటికీ ఆడవాళ్ల పేర్లే!

తమిళనాడు వడలూరులో వళ్లలార్ అని పిలుచుకునే రామలింగ స్వామి 1867 మే 23న సత్య ధర్మశాల ప్రారంభించారు. ఆ రోజు వెలిగించిన పొయ్యిని ఇప్పటిదాకా ఆరనివ్వలేదు. ఎవరైనా వచ్చి తినొచ్చు. ధర్మశాలకి కావాల్సిన 80 కాణుల నేల ఇచ్చింది రాజులో జమీందారులో కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. బియ్యం, కూరగాయలు, కట్టెలు నేటికీ జనమే తెచ్చి ఇస్తున్నారు.